గడప లేని చోటు

రెండు నిమిషాలన్నాడు. కారు ఆపించి, ఫోను చెవికి ఆనించుకుని, ఎడమచేతి రెండు వేళ్లు నాకు చూపించి దిగిపోయాడు మా ఆయన. ఆ వేళ్లు చూసి ఇప్పటికి ఇరవై నిమిషాలు. కొట్టు షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరాడు, అంతే, మళ్లీ బయటికి రాలేదు. ఆదివారం పొద్దున ఆరింటికి ఈ బజారు నిద్రపోతూ ఉండాలి. పాలవాళ్లూ, రోడ్లు ఊడ్చేవాళ్లూ తప్ప మనిషి కనపడకూడదు. ఇవాళేమిటి, ఎదురు కొట్టు తీసి ఉంది, మూలకొట్టు తీసి ఉంది, ఎదురు కొట్టాయన శ్రీమన్నారాయణగారు బనీను మీదే వచ్చేసి మెట్ల మీద నిలబడి ఎవరినో ఫోనులో కేకలేస్తున్నాడు, "ఉన్న డబ్బాలన్నీ ఆపు. ఒక్కటి గూడా బయటికి పోగూడదు, చెప్తుండా" అని. నేను కారు వెనకసీట్లో, ఒళ్లో పులిహోర గిన్నెతో, కొత్త చీర కుచ్చిళ్లు నలక్కుండా మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాను. గిన్నె అడుగు ఇంకా కాలుతోంది. కింద పెడదామంటే కాళ్ల దగ్గరంతా సంచులు. డ్రైవరు మజీద్ ఈ కారు కొని రెండు నెలలైనా సీట్లకి ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు, కొంచెం కదిలితే చాలు, కిరకిరమంటున్నాయి. కదలకుండా కూర్చోవడం నావల్ల కావడంలేదు.

ఇదంతా ఒక్క మాటవల్ల వచ్చింది. ఆయిల్. ఊళ్లో అందరికీ ఆయిలంటే బండిలో పోసేది, మాకు మాత్రం బాణలిలో పోసేది. మూడు తరాల నూనెకొట్టు మాది, మా మామగారి నాన్న గానుగ నూనె అమ్మాడు, మా మామగారు వేరుశనగ నూనె అమ్మాడు, మా ఆయన పామాయిలు అమ్ముతున్నాడు. తెల్లవారుజామున వ్యాపారుల గ్రూపులో ఎవరో పెట్టారు, బాపట్ల పక్కన సూర్యలంక దగ్గర సముద్రంలో ఆయిల్ ఓడకి చిల్లు పడింది, ఆయిలంతా నీళ్లపాలు అని. నూనెకొట్లవాళ్లందరికీ ఒకటే తట్టింది. కాకినాడ పోవాల్సిన పామాయిలు ఓడ మునిగిందని, రేపు డబ్బా దొరకదని. మా హరిత ఇంట్లో ఉండగానే చెప్పింది, "నాన్నా, అది మంచినూనె కాదు, ఓడ ఇంజన్లో పోసే నల్ల నూనె" అని. "నీకెట్టా తెలుసమ్మా?" అన్నాడు. "ఫొటోలో చూడు, నల్లగా ఉంది కదా" అంది. "నీళ్లలో పడితే ఏదయినా నల్లగానే కనపడుద్ది" అన్నాడు. ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్న పిల్ల నోరు మూసుకుని కారెక్కింది. ఏ నూనెయితే ఏం, ఓడలో నూనె పోయిందా లేదా, అదీ మా ఆయన లెక్క.

ఆయన ఆ తప్పు మాటే నమ్ముతూ ఉంటే బాగుండునని కూడా అనలేను, అదీ నా ఖర్మ. పామాయిలే అనుకుంటే ఆయన కొట్టు వదిలి రాడు. పామాయిలు కాదు, నల్ల నూనె అని తెలిసిందా, మరి నల్ల నూనె కొట్టుకొచ్చిన బీచికి ఎవరు పోతారు, కారు వెనక్కి తిప్పమంటాడు. ఎటు తేలినా నేను బాపట్ల పోను. మూడు నెలల నుంచి పోగేసుకున్న ప్రయాణం ఈ సగం ఎత్తిన షట్టరు కింద ఇరుక్కుంది. హరిత పక్కన కూర్చుని ఒక చెవిలో వైరు పెట్టుకుని ఫోను పైకీ కిందకీ తోస్తోంది. దానికి తెలుసు. ఈ కారులో నాకూ దానికీ మాత్రమే తెలుసు. నేను సముద్రం చూడటానికి పోవడంలేదు. నలభై అయిదేళ్లు చూడకుండా బతికాను, ఇంకో నలభై అయిదేళ్లు చూడకపోయినా నాకేం కాదు. నేను ఉజ్వలని చూడటానికి పోతున్నాను. నా చెల్లెల్ని. పదహారేళ్లయింది దాని పక్కన కూర్చుని.

"అమ్మా, గిన్నె ఇటివ్వు, చేతులు కాలతయ్" అంది హరిత. ఇవ్వలేదు. ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి. మజీద్ అద్దంలోంచి చూసి, "ఏసీ వెయ్యమంటావా అక్కా?" అన్నాడు. మా వీధివాడే, చిన్నప్పటి నుంచి మా కొట్టు ముందు తిరిగినవాడే, ఇప్పుడు గడ్డం నెరిసింది. డిసెంబరు పొద్దున ఏసీ ఏంటయ్యా అనబోయి మెడ తడుముకుంటే చెమట. వెయ్యమన్నాను. చల్లగాలి నేరుగా మొహాన కొట్టింది, వద్దన్నాను. మళ్లీ ఉక్కపోసింది. అద్దం దించాను. శ్రీమన్నారాయణగారి కేకలు లోపలికొచ్చాయి. మళ్లీ ఎత్తాను. ఈయనగారి వల్లే అసలు ఈ ప్రయాణం కుదిరింది, ఆ సంగతి ఆయనకి తెలియదు. మా ఆయనతో ఎన్ని చెప్పి చూశాను. డాక్టరు నాకు ఎండ తగలాలంది, బీచి ఎండ మంచిదట అన్నాను. మేడమీద ఎండ లేదా అన్నాడు. హరిత పరీక్షలై అలిసిపోయిందన్నాను. పడుకోమను అన్నాడు. దసరాకి శ్రీమన్నారాయణగారి కుటుంబం మొత్తం సూర్యలంక వెళ్లి, ఆయన ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నీళ్లలో నిలబడ్డ ఫొటో గ్రూపులో పెట్టాడు. ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయన అన్నాడు, "మనం మాత్రం పోలేమా ఏంది?" అని. రెండు రోజులు, ఒక రాత్రి, బీచి పక్కన గది. కొట్టు రెండు రోజులు మూస్తానన్న మాట ఆయన నోట మా పెళ్లయినాక మొదటిసారి విన్నాను.

నాకు సుందరమ్మ అని మా నాయనమ్మ పేరు పెట్టారు. ఎనిమిదేళ్ల తర్వాత అది పుట్టేసరికి మా నాన్న వారపత్రికలు చదవడం మొదలుపెట్టాడు, ఉజ్వల అన్నాడు. గురజాలలో మా వీధిలో ఎవరికీ ఆ పేరు నోరు తిరగలేదు. ఉజ్జమ్మా అనేవాళ్లు. దానికి జడ వేసింది నేను, అక్షరాలు దిద్దించింది నేను, అది పెద్దమనిషయినప్పుడు భయపడి ఏడుస్తూ అమ్మ దగ్గరికి కాదు, నా దగ్గరికొచ్చింది. నాకు పెళ్లై నర్సరావుపేట వచ్చినా సెలవులిస్తే బస్సెక్కి వచ్చేసేది, మేడమీద చాప వేసుకుని పడుకుంటే తెల్లారేదాకా కబుర్లు, ఎవరు ఎవరిని చూశారు, ఏ లెక్చరరుకి నత్తి, అన్నీ చెప్పేది. ఒక్కటి తప్ప. గురజాలలో మా పాత ఇంటికి మళ్లీ వైరింగు చేయించారు నాన్న. ఇశ్రాయేలు అనే కుర్రాడు వచ్చి నెలరోజులు పని చేశాడు. ఏ గదిలో ఏ స్విచ్చి ఎక్కడ ఉండాలో ఉజ్వలే పక్కన ఉండి చెప్పింది. పని అయిపోయింది, లైట్లన్నీ వెలిగాయి, ఆర్నెల్లకి అది ఇంట్లో లేదు. బాపట్లలో చర్చిలో పెళ్లి అయిందని కబురు వచ్చింది.

అమ్మ నన్ను పిలిపించింది. మూడేళ్ల హరితని చంకనేసుకుని బస్సులో వెళ్లాను. నాన్న అరుగు మీద తల దించుకుని కూర్చున్నాడు. అమ్మ దేవుడి దగ్గర దీపం వెలిగించి, చెయ్యి చాపమంది. అనమంది. దాని గడప నేను తొక్కను, నా గడప దాన్ని తొక్కనివ్వను. మా వైపు కోపాలన్నీ గడపతోనే కదా కొలుస్తారు, మాట్లాడటం మానేస్తే సగం కోపం, గడప తొక్కడం మానేస్తే పూర్తి కోపం. అన్నాను. అమ్మ బలవంతం పెట్టిందని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను, హరితతో కూడా అలాగే చెప్పాను. అబద్ధం. నేను గట్టిగానే అన్నాను, అమ్మ చెప్పినదానికంటే గట్టిగా. కులం కోసం కాదు, మతం కోసం కాదు, ఆ కోపం అమ్మది. నాది వేరు. నాతో చెప్పలేదు. నత్తి లెక్చరరు సంగతి చెప్పిన పిల్ల, ఇంత సంగతి నాకు చెప్పలేదు. మేడమీద నా పక్కన పడుకుని, నా దుప్పటి కప్పుకుని, కడుపులో ఇంత దాచుకుని నవ్వింది. ఆ మంట ఆ రోజు ఒట్టుగా బయటికొచ్చింది.

"నాన్న వస్తున్నాడా?" అన్నాను. షట్టరు కింద కాళ్లు కనిపించాయి. ఆయనవి కావు, కొట్లో గుమాస్తా యేసుపాదానివి. ఆదివారం పొద్దున చర్చికి పోవాల్సిన మనిషిని కూడా పిలిపించాడన్నమాట. తెల్ల చొక్కా, తల దువ్వుకుని, చేతిలో నూనె డబ్బా. పాపం ఆ చొక్కా. నూనె డబ్బా ఎదురొస్తే ప్రయాణం ఆపేసి కాసేపు కూర్చోవాలంటుంది మా అత్తగారు. నూనెకొట్టు ముందు కారాపుకుని కూర్చుంటే నూనె కాక ఏం ఎదురొస్తుంది. నవ్వు వచ్చింది, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. టైము ఆరూ ఇరవై ఎనిమిది. ఈపాటికి చిలకలూరిపేట దాటాలి. ఎనిమిదిన్నరకి బీచిలో ఉంటామని చెప్పాం. అది ఏం చేస్తోందో. చీర కట్టుకుందో, డ్రెస్సు వేసుకుందో. లావైందని హరిత చెప్పింది, ఫొటో చూడమంది, నేను చూడలేదు. ఫొటోలో చూస్తే ఇన్నేళ్లకి చూడటం అయిపోతుంది, అది నేను ఫోనులో ఖర్చు చేసుకోదలుచుకోలేదు.

హరితే పట్టుకుంది దాన్ని, ఫోనులో ఎక్కడో వెతికి. దసరాకి ముందు ఒకరోజు వంటింట్లోకి వచ్చి "అమ్మా, ఉజ్వల పిన్ని మెసేజ్‌లో నన్ను అమ్మా అని పిలిచింది" అంది. పోపు మాడిపోయింది. ఆ రోజు నుంచి అది అక్కడి నుంచి రాయడం, హరిత చదివి వినిపించడం, నేను చెప్పింది హరిత రాయడం. మాట్లాడమంటే మాట్లాడలేదు నేను. గొంతు వింటే ఏమవుతానో నాకే నమ్మకం లేదు. ఒకసారి రాసింది, అక్కా నిన్ను చూడాలనుంది, నీ ఒట్టు నాకు తెలుసు, మా ఇంటికి రమ్మనను, మీ ఇంటికి నేను రాను, బీచికి రా, బీచికి గడప ఉండదు కదా అని. చదివి హరిత నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత స్నానాలగదిలో నీళ్లు తిప్పి చాలాసేపు కూర్చున్నాను. వ్యాపారం చేసే ఇంటి ఆడపిల్ల తెలివి అది. మాట తప్పకుండా పని జరిపించుకోవడం మాకు ఉగ్గుతో పోసిన విద్య. అమ్మ ఒట్టులో గడప ఉంది, ఇసక లేదు. ఇసకలో కూర్చుంటే ఎవరి గడపా తొక్కినట్టు కాదు. అందుకే ఈ పులిహోర కూడా. ఎనిమిది మందికి సరిపడా చేశాను. వాళ్లకి పెట్టాలనే ప్రేమతో చేశాననుకున్నాను, తాలింపు వేస్తూ ఉండగా తెలిసింది, వాళ్లు వండినది నేను తినాల్సి రాకుండా చేస్తున్నానని. నాకే సిగ్గేసింది. అయినా చేశాను.

అన్నీ చేశాను, ఒకటి మాత్రం చెయ్యలేదు. గ్లాసు. ఆరేళ్ల క్రితం అమ్మ పోయినప్పుడు గురజాలలో ఇంటి ముందు టెంటు వేశారు, చుట్టాలందరూ వచ్చారు, పదింటికి ఎవరో మెల్లగా అన్నారు, ఉజ్వల వచ్చిందని. కిటికీ ఊచల్లోంచి చూశాను. రోడ్డవతల కరెంటు స్తంభం పక్కన నిలబడి ఉంది, చంకలో పిల్ల. లోపలికి రాలేదు. ఎవరూ రమ్మనలేదు. మే నెల ఎండ. అది పదింటికి వచ్చింది, శవం లేచేసరికి రెండయింది. పిల్ల ఏడుస్తుంటే ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంటోంది, కొంగు పిల్ల తల మీద కప్పుతోంది. పక్కింటి సాబిరా, బట్టలు కుట్టే సాబిరా, గ్లాసుతో నీళ్లు తీసుకుని రోడ్డు దాటి వెళ్లి ఇచ్చింది. అది తాగలేదు, పిల్లకి తాగించింది. నేను చూస్తూనే ఉన్నాను. పసుపు కావాలని ఎవరో అడిగితే వెతుకుతున్నట్టు లోపలి గదిలోకి వెళ్లిపోయాను. పసుపు డబ్బా ఎదురుగానే ఉంది. చాలాసేపు వెతికాను. అమ్మని మోసుకుపోతుంటే అది స్తంభం దగ్గరే రోడ్డు మీద కూలబడి దణ్ణం పెట్టిందని తర్వాత సాబిరా చెప్పింది. నేనప్పుడు గుమ్మంలోనే ఉన్నాను, చూడలేదు, చూడకూడదని తల తిప్పుకున్నాను. ఆ గ్లాసు నేను తీసుకెళ్లాల్సింది. రోడ్డుకి గడప లేదు కదా ఆ రోజు కూడా. ఈ తెలివి ఆ రోజెందుకు రాలేదు నాకు?

హరిత మోచేత్తో పొడిచింది. "అమ్మా, చూడు." వీడియో. ఇసక మీద నల్లగా గడ్డలు గడ్డలుగా, తారు రోడ్డు వేసేవాళ్లు ఒలకబోసుకున్నట్టు. అలొచ్చి ముదురు నురుగు వదిలిపెట్టి పోతోంది. పీతొకటి నడవలేక ఒక పక్కకి ఈడ్చుకుంటూ పోతోంది. ఒకామె చిన్నపిల్లాడి అరికాలికి కిరసనాయిలు గుడ్డతో రుద్దుతోంది, వాడు ఏడుస్తున్నాడు. మొక్కజొన్న కంకుల బండ్లు వరసగా తిరగేసి ఉన్నాయి. వల భుజాన వేసుకున్న ముసలాయన కెమెరా వైపు చూసి ఏదో అంటున్నాడు, గాలికి వినపడలేదు. తర్వాత తాడు, తాడు పక్కన పోలీసులు. ఇదా నేను చూడబోయే సముద్రం. నాకు సముద్రం మీద జాలి కలగాలి, ఆ ముసలాయన మీద కలగాలి, కలిగింది కూడా, కానీ అంతకంటే ముందు కోపం వచ్చింది. ఎక్కడి ఓడో, ఎవడు నడుపుతున్నాడో, ఇన్ని వేల మైళ్ల నీళ్లుంటే నీకు చిల్లు పడటానికి నా చెల్లెలు కూర్చునే చోటే దొరికిందా అని. లోకంలో గడప లేని చోటు ఒకటి వెతుక్కుంటే దాని మీద కూడా తెచ్చి పోశారు.

"పిన్ని మెసేజ్ పెట్టింది" అంది హరిత. "చదవనా?" తలూపాను. నెమ్మదిగా చదివింది, మజీద్‌కి వినపడకుండా. "హరితమ్మా, బీచికి ఎవర్నీ పోనివ్వడం లేదు. మీ బాబాయిని రాత్రే లైట్లు కట్టే డ్యూటీకి పిలిచారు. అక్కని ఇబ్బంది పెట్టొద్దు. మీరు బయల్దేరి ఉంటే బీచి రోడ్డు మొదట్లో తాడు కట్టిన చోట నేను నిలబడి ఉంటా. కారు ఆపితే చాలు. అక్కని కిందికి కూడా దిగొద్దను, అద్దం దించితే చూసి పోతా."

మళ్లీ చదవమన్నాను. చదివింది. అద్దం దించితే చూసి పోతా. నేనేదో పెద్ద మనిషినైనట్టు, నా కారు కోసం రోడ్డు పక్కన నిలబడుతుందట. చంకలో పిల్ల ఉండదు ఇప్పుడు, పెద్దదై ఉంటుంది, పక్కన నిలబెట్టుకుంటుంది. ఎండెక్కుతుంది. మేం ఎప్పుడొస్తామో తెలియదు, వస్తామో రామో కూడా తెలియదు, అది నిలబడుతుంది. నాకు తెలుసు దాని సంగతి, పదింటి నుంచి రెండింటిదాకా నిలబడ్డ మనిషి. చాలు. దాన్ని రోడ్డు మీద నిలబెట్టింది చాలు. ఎవరి ఒట్టు, ఎవరి మాట, ఆ అమ్మ లేదు, ఆ దీపం లేదు, ఆ ఇల్లు అమ్మేశాం, ఆ గడప పీకేసి కొన్నవాళ్లు గ్రానైటు వేసుకున్నారు. నేనొక్కదాన్నే ఇక్కడ లేని గడప కాపలా కాస్తూ కూర్చున్నాను. హరిత నా మొహం చూసి ఒళ్లోని గిన్నె మెల్లగా లాక్కుంది. ఈసారి ఇచ్చేశాను.

షట్టరు గలగలమని కిందికి పడింది. మా ఆయన నవ్వుకుంటూ వస్తున్నాడు, ఆ నవ్వు చూస్తే చాలు, సరుకు క్షేమమని తెలిసిపోతుంది. డోరు తీసి ముందుసీట్లో కూలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "పామాయిలు కాదంటనే! కాకినాడ ఏజెంటు చెప్పాడు. అదేందో ఓడలకి పోసే మడ్డి నూనె. చానా భయపెట్టారు పొద్దున్నే" అన్నాడు. హరిత వైపు తిరిగి, "నువ్వు చెప్పిందే కరెక్టమ్మా" అన్నాడు. "బీచి గూడా మూసేశారంట. పోనీలే, తయారయ్యాంగా, కోటప్పకొండకి పోదాం. కోటప్పని చూసుకుని, ఆ పైనే పులిహోర తిని, సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. మజీదూ, కొండకి పోనీ" అన్నాడు. మజీద్ తాళం తిప్పాడు.

"కొండకి కాదు. బాపట్లకే" అన్నాను.

"బీచి మూసేశారంటుంటే బాపట్లలో ఏముందే?"

"మా చెల్లెలిల్లుంది."

ఆ మాట కారులో అందరికంటే నాకే కొత్తగా వినపడింది. మజీద్ తాళం మీద చెయ్యి తియ్యలేదు, ఇంజను కొట్టుకుంటోంది. మా ఆయన వెనక్కి తిరగలేదు. అద్దంలో ఆయన కళ్లు మాత్రం కనపడుతున్నాయి, బజారు వైపు చూస్తున్నాయి, యేసుపాదం తెల్లచొక్కా దులుపుకుంటూ చర్చికి పరిగెత్తుతున్న వైపు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఉజ్వల పేరు ఎత్తలేదు, ఎత్తొద్దనీ అనలేదు. అది మీ ఇంటి సంగతి అన్నట్టు ఉండిపోయాడు. ఆయన మంచివాడో కాదో ఈ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ తెలియదు.

"మీ అమ్మకి మాటిచ్చావుగా" అన్నాడు చివరికి.

"ఇచ్చా. ఇప్పుడు తప్పుతుండా."

కొట్లో ఆయన రోజుకి పదిసార్లు అంటాడు, మాటంటే మాటే అని. ఆ మనిషి ముందు ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో. "ఇదంతా ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు. మూడు నెలలన్నాను. "డాక్టరు, ఎండ, అయ్యన్నీ ఇందుకేనా?" అవునన్నాను. "నాకు చెప్పలేదే" అన్నాడు. కోపంగా అనలేదు. మెల్లగా అన్నాడు. ఆ మాట నాది. పదహారేళ్లుగా నేను మోస్తున్న మాట అది, అక్షరం తేడా లేకుండా. నేనూ ఈయన పక్కనే పడుకున్నాను మూడు నెలలు, కడుపులో ఇంత దాచుకుని. ఉజ్వల నాకెందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసింది. నేనెక్కడ వద్దంటానో అని. నేను వద్దంటే అది పోలేకపోయేది.

"చెప్తే ఏమనేవాళ్లు?" అన్నాను.

ఆయన నిజంగానే ఆలోచించాడు. బేరం ఆడేటప్పుడు ఆలోచించే ఆలోచన కాదు. "ఏమో" అన్నాడు. తర్వాత, "అక్కడ భోంచెయ్యాల్సి వస్తదేమో" అన్నాడు.

"వస్తది."

"చీకటి పడేలోపు బయల్దేరాల."

"రెండు రోజులకేగా కొట్టు మూసింది మీరు."

ఆయన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ముందుకి చూస్తూ, "మజీదూ, చిలకలూరిపేట మీదగా పోనీ. పర్చూరు దగ్గర రోడ్డు బాగలేదంట, చూసుకో" అన్నాడు. కారు కదిలింది. ప్లాస్టిక్ కవరు కిరకిరమంది. నాకు ఏడుపు రాలేదు, వస్తుందనుకున్నాను. "ఫోనివ్వు" అన్నాను హరితతో. "రాయనా?" అంది. "వద్దు, కలుపు" అన్నాను. అది నా మొహంలోకి ఒకసారి చూసి, కలిపి, నా చెవి దగ్గర పెట్టింది. మోగుతోంది. బీచి రోడ్డుకి బయల్దేరిపోయిందేమో, తాడు దగ్గర నిలబడి ఉందేమో, ఇంట్లో ఫోను వదిలేసి పోయిందేమో. మోగుతూనే ఉంది. పెట్టెయ్యమని చెప్పబోతుంటే ఎత్తింది. "చెప్పమ్మా హరితా" అంది. లావైంది గొంతు కూడా. కానీ అదే.

"హరిత కాదు, నేనే" అన్నాను. "ఏమే, వినపడుతుందా? రోడ్డు మీద నిలబడబాక. మేం ముగ్గురం మీ ఇంటికే వస్తుండాం."

ఎక్కడో పిల్ల ఎవరమ్మా అని అడగడం వినపడింది. తర్వాత దాని గొంతు, చిన్నప్పుడు స్కూలుకి ఆలస్యమైతే పడే కంగారుతో, "అక్కా, ఇంకా ఇల్లన్నా ఊడవలేదే" అంది.

"అట్టనే ఉండనియ్యి. నేనొచ్చి ఊడుస్తా" అన్నాను.